సీజన్ మధ్యలో జట్టును వదిలి వెళ్ళినవాడు గద్దారేనా?



ఆటగాడు సీజన్ మధ్యలో బ్యాగు సర్దుకుని వెళ్ళిపోతే మన నోటి నుంచి వచ్చే మొదటి లఫ్జ్ గద్దార్. దుఃఖం దిగమింగుకుని ఉండిపోతే వఫాదార్. ఈ రెండు మాటలూ టీవీ వాళ్ళకి బాగా పనికొస్తాయి. తారీఖ్ తిరగేస్తే మాత్రం వెళ్ళినవాళ్ళలో తప్పు చేయనివాళ్ళు కనిపిస్తారు. ఉండిపోయినవాళ్ళలో అసలు వెళ్ళే దారే లేనివాళ్ళూ కనిపిస్తారు. ఈసారి ఆ లెక్క కొంచెం నిదానంగా చూద్దామనిపించింది. మిసాల్‌లు క్రికెట్ నుంచీ రగ్బీ నుంచీ తీసుకుంటున్నాను. కొలబద్ద మాత్రం మన సీరత్ నుంచి, మన తారీఖ్ నుంచి.

మొదట మన హైదరాబాద్‌తో ముడిపడ్డ కిస్సా. 1996 వేసవి. భారత జట్టు ఇంగ్లండ్ పర్యటనలో ఉంది. కెప్టెన్ మన అజహరుద్దీన్. ఓపెనర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ. వన్డేలు అయ్యాయి, టెస్టులు ఇంకా మొదలు కాలేదు. ఉన్నట్టుండి సిద్ధూ ఇంటికి విమానం ఎక్కేశాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కెప్టెన్‌తో పడలేదని మాత్రం లోకమంతా పాకింది.

ఓపెనర్ లేని లోటు ఎవరు పూడ్చాలి? లార్డ్స్ టెస్టులో వికెట్ కీపర్ నయన్ మోంగియాను విక్రమ్ రాథోడ్‌కి తోడుగా ఓపెనింగ్‌కి పంపాల్సి వచ్చింది. అదే టెస్టులో సౌరవ్ గంగూలీ మొదటిసారి ఆడి 131 పరుగులు చేశాడు, రాహుల్ ద్రవిడ్ మొదటి టెస్టులోనే 95 చేశాడు. ఒకడు ఖాళీ చేసిన చోటు ఇంకొకడికి రిజ్క్ అయిన సంగతి క్రికెట్ ప్రేమికులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా ఆ సిరీస్ ఇండియా 1-0తో ఓడిపోయింది.

సిద్ధూ ఎందుకు వెళ్ళాడు? అప్పట్లో క్రికెట్ బోర్డులో ఉన్న జయవంత్ లెలె చాలా ఏళ్ళ తర్వాత తన జ్ఞాపకాల పుస్తకంలో ఒక సంగతి రాశారు. విచారణ కమిటీ ముందు సిద్ధూ చాలాసేపు నోరు విప్పలేదట. చివరికి సాటి పంజాబీ మొహిందర్ అమర్‌నాథ్ పక్కకు తీసుకెళ్ళి పంజాబీలో అడిగితే అసలు మాట బయటికి వచ్చిందట. అజహర్ తనతో మాట్లాడిన ప్రతిసారీ తల్లి పేరుతో ఒక మాట కలిపి మాట్లాడుతున్నాడని, అది తన ఇజ్జత్‌కు దెబ్బ అని. తర్వాత తేలిందేమిటంటే హైదరాబాద్‌లో దోస్తుల మధ్య ఆ మాటకు గాలీ అన్న అర్థమే మిగల్లేదని, ప్యార్‌తో కూడా అంటారని.

ఇది లెలె చెప్పిన కథనం. దీన్ని చదివి నవ్వుకున్నవాళ్ళు చాలామంది. నాకు నవ్వు రాలేదు. మన దక్కనీ వాళ్ళకి ఈ ముసీబత్ కొత్త కాదు. చార్మినార్ దగ్గర ముహబ్బత్ అయిన మాట లక్నోలో బద్‌తమీజీ, అమృత్‌సర్‌లో కొట్లాట. ఒక గదిలో కూర్చుని "భాయ్, ఆ మాట నాకు బాధ కలిగిస్తోంది" అని ఒకడు అని ఉంటే, "అరె, నా మతలబ్ అది కాదు" అని ఇంకొకడు అని ఉంటే, ఆ పర్యటన కథ వేరేగా ఉండేది. సిద్ధూకు బాధ నిజం. వెళ్ళిపోవడం కూడా అర్థం చేసుకోగలం. చెప్పకుండా వెళ్ళడం వల్ల ఆ బాధ ఎవరికీ అర్థం కాలేదు. తను వదిలేసిన కెప్టెన్‌కు తను ఏం తప్పు చేశాడో తెలిసే మౌకా కూడా దొరకలేదు.

ఆ తలుపు మూసుకుపోలేదు. సిద్ధూ తిరిగి జట్టులోకి వచ్చాడు. 1997లో వెస్టిండీస్‌లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ టెస్టులో 201 పరుగులు చేశాడు. అప్పటికి కెప్టెన్ సచిన్, కానీ అజహర్ కూడా అదే జట్టులో ఉన్నాడు. మధ్యలో వెళ్ళినవాడు ఎప్పటికీ పరాయివాడు కాడని చెప్పే మిసాల్ ఇది.

రెండో కిస్సా మన దేశానిది కాదు. ఆ ఆటగాడి పేరు మాత్రం మన పిల్లలు ఫోన్లలో చూసే ఉంటారు. సోనీ బిల్ విలియమ్స్. న్యూజిలాండ్ వాడు, 1985లో ఆక్లాండ్‌లో పుట్టాడు, తండ్రిది సమోవా మూలం. ఆడే ఆట రగ్బీ. రగ్బీలో రెండు రకాలున్నాయి. ఆస్ట్రేలియాలో జనం ఎగబడి చూసే రగ్బీ లీగ్‌లో జట్టుకు 13 మంది. ఫ్రాన్స్, న్యూజిలాండ్‌లలో రాజ్యమేలే రగ్బీ యూనియన్‌లో 15 మంది. విలియమ్స్ మొదట లీగ్ ఆటగాడు. సిడ్నీలోని కాంటర్‌బరీ బుల్‌డాగ్స్ క్లబ్బు అతన్ని కుర్రవాడిగా తెచ్చి పెంచింది. 2004లో, 19 ఏళ్ళకే, ఆ జట్టుతో చాంపియన్‌షిప్ గెలిచాడు. 2007లో అదే క్లబ్బుతో ఐదేళ్ళ ముఆహదా మీద సంతకం చేశాడు.

2008 జూలై చివర్లో, సీజన్ నడుస్తుండగా, సిడ్నీ విమానాశ్రయం నుంచి వెళ్ళిపోయాడు. సహచరులకు చెప్పలేదు. క్లబ్బుకు చెప్పలేదు. ఫ్రాన్స్‌లో తులోన్ అనే ఊరి రగ్బీ యూనియన్ క్లబ్బు అతనికి చాలా ఎక్కువ డబ్బు ఇస్తానంది. ఆస్ట్రేలియా లీగ్‌లో ప్రతి క్లబ్బూ మొత్తం జీతాలకు ఒక హద్దు దాటకూడదు. అందువల్ల తన హునర్‌కు తగిన ఖీమత్ దొరకడం లేదన్నది అతని ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉండొచ్చు. ఆటగాడి శరీరం పదేళ్ళకు మించి పనిచేయదు. ఆ పదేళ్ళలో నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చే చోటికి వెళ్ళాలనుకోవడం హరామ్ ఏమీ కాదు.

క్లబ్బు కోర్టుకు వెళ్ళింది. చివరికి సుమారు 7.5 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారంతో సుల్హ్ కుదిరింది. బుల్‌డాగ్స్ ఆ సీజన్‌ను పట్టికలో అట్టడుగున ముగించింది. అదంతా ఒక్కడు వెళ్ళడం వల్లే అని నేను అనను, ఆ జట్టుకు వేరే రోగాలు కూడా ఉన్నాయి. కానీ డ్రెస్సింగ్ రూములో పక్క కుర్చీలో కూర్చునేవాడు వెళ్ళిపోయాడని టీవీలో చూసి తెలుసుకోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. విలియమ్స్ మళ్ళీ ఆ లీగ్‌లో అడుగు పెట్టింది ఐదేళ్ళ తర్వాత, 2013లో, వేరే క్లబ్బుకు.

ఈ కథలో ఇంకో మనిషి ఉన్నాడు. విలియమ్స్ దోస్తు ఆంథొనీ మండైన్. ఆస్ట్రేలియా ఆదివాసీ బిడ్డ, 1999లో ఇస్లాం స్వీకరించాడు. అతను కూడా రగ్బీ లీగ్ ఆటగాడే, సెయింట్ జార్జ్ ఇల్లవారా జట్టులో పెద్ద పేరు. 2000లో సీజన్ మధ్యలోనే ఆట వదిలేసి, తండ్రిలాగా బాక్సర్ అవుతానన్నాడు. తన రంగు వల్లే జాతీయ జట్టులో తగిన చోటు దొరకలేదన్న బాధ అతనికి ఉంది. వెళ్తున్నానన్న సంగతి మాత్రం పత్రికల ముందు నిలబడి, తన నోటితోనే చెప్పాడు. తిట్లు తిన్నాడు. 2003లో ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఇద్దరూ మధ్యలో వెళ్ళినవాళ్ళే, ఒకడు ముందు తలుపు నుంచి, ఇంకొకడు వెనక తలుపు నుంచి. నా దృష్టిలో ఆ రెండు తలుపుల మధ్య చాలా దూరం ఉంది.

ఆ దూరం ఎంతో తెలియాలంటే సీరత్‌లోకి వెళ్ళాలి. ఆటను ఆ పాక్ మైదానాలతో తూచడం నా మక్సద్ కాదు, అస్తగ్‌ఫిరుల్లాహ్. జమాత్‌ను మధ్యలో వదలడం అనే సవాల్‌కు జవాబ్ మనకు అక్కడే దొరుకుతుంది కాబట్టి వెళ్తున్నాను.

బద్ర్ సంగతి తీసుకోండి. హిజ్రీ 2వ సంవత్సరం. మన ఇళ్ళల్లో పిల్లలు కూడా 313 అనే సంఖ్య చెప్తారు. ఆ మైదానంలో హజ్రత్ ఉస్మాన్ (రజి.) లేరు. ఆయన భార్య, రసూలుల్లాహ్ (స.అ.స.) కూతురు హజ్రత్ రుఖయ్యా (రజి.) మదీనాలో తీవ్రమైన బీమారీలో ఉన్నారు. ఆమెను చూసుకోమని హుజూర్ (స.అ.స.) స్వయంగా ఆయన్ని ఆపారు. గెలుపు ఖబర్ మదీనా చేరే వేళకు ఆమె ఇంతిఖాల్ అయ్యారు. ఆ తర్వాత యుద్ధ ధనం పంచినప్పుడు ఉస్మాన్ (రజి.)కు కూడా హిస్సా ఇచ్చారు. అంటే మైదానంలో లేని మనిషిని బద్ర్ వాళ్ళలో ఒకరిగా లెక్కించారు. ఇంటి దగ్గర భార్య మంచం పక్కన ఉండడాన్ని జట్టును వదలడంగా చూడలేదు. అది కూడా ఒక డ్యూటీయే అన్నట్టు చూశారు.

ఇక మరుసటి ఏడు ఉహద్. కొండ మీద 50 మంది విలుకాళ్ళను నిలబెట్టారు. గెలిచినా ఓడినా ఆ చోటు వదలొద్దన్నది హుకుం. శత్రువు పారిపోతున్నట్టు కనపడగానే చాలామంది ధనం ఏరుకోడానికి దిగిపోయారు. నాయకుడు అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి.) వద్దన్నారు, కొద్దిమంది మాత్రమే ఆయనతో మిగిలారు. ఆ సందులో నుంచే శత్రువు గుర్రాలు వెనక నుంచి వచ్చి పడ్డాయి. కొండ మీద మిగిలినవాళ్ళు షహీద్ అయ్యారు. ఆ రోజు మొత్తం 70 మంది షహీద్ అయ్యారు. దిగిపోయినవాళ్ళ పొరపాటుకు ఖీమత్ కట్టింది నిలబడ్డవాళ్ళు. ఆ పొరపాటు చేసినవాళ్ళను కూడా అల్లాహ్ మాఫ్ చేశాడన్న సంగతి ఖుర్ఆన్‌లో ఉంది, దాన్ని మరచిపోకూడదు.

మూడోది కొంచెం తక్కువ మందికి తెలిసిన వాకియా. హజ్రత్ ముఆవియా (రజి.) కాలంలో రోమన్లతో గడువు ఉన్న ముఆహదా ఒకటి ఉండేది. గడువు ముగియగానే దాడి చేయడానికి వీలుగా ఆయన ముందే సైన్యాన్ని సరిహద్దు వైపు కదిలించారు. అప్పుడు అమ్ర్ బిన్ అబసా (రజి.) అనే సహాబీ గుర్రం మీద వచ్చి, వఫా కావాలి గానీ ధోఖా కాదు అన్న అర్థంలో కేక వేశారు. మాట ఇచ్చినవాడు గడువు దాకా ఆగాలి, లేదంటే ముఆహదా రద్దు అని అవతలివాడికి బాహాటంగా చెప్పాలి అన్న హదీస్ వినిపించారు. ముఆవియా (రజి.) సైన్యాన్ని వెనక్కి తిప్పారు. శత్రువుతో చేసుకున్న ముఆహదాకే ఇంత అదబ్ ఉంటే, ఒకే గదిలో బట్టలు మార్చుకునే సాథీలతో చేసుకున్న దానికి ఎంత ఉండాలి?

ఈ మూడు వాకియాలు కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది. మధ్యలో వెళ్ళే హక్ మనిషికి ఉంది. ఇల్లు, ఆరోగ్యం, ఇజ్జత్, రిజ్క్, ఇవన్నీ జాయజ్ కారణాలే. కానీ తను ఖాళీ చేసిన చోట ఎవరు నిలబడాలో వాళ్ళకు ముందే తెలియాలి, అది తన నోటి నుంచే తెలియాలి.

ఈ కొలబద్ద పట్టుకుని 2020 చలికాలానికి వద్దాం. మన హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు ముహమ్మద్ సిరాజ్ కథ మీ అందరికీ తెలుసు, అయినా కొన్ని తారీఖులు గుర్తు చేస్తాను. నవంబర్‌లో భారత జట్టు దుబాయ్ నుంచి నేరుగా సిడ్నీ చేరింది. కరోనా రోజులు, 14 రోజుల క్వారంటీన్. నవంబర్ 20న హైదరాబాద్‌లో సిరాజ్ నాన్న ఇంతిఖాల్ అయ్యారు. వయసు 53. ఊపిరితిత్తుల జబ్బు. ప్రాక్టీసు నుంచి తిరిగి వచ్చాక కొడుక్కి ఖబర్ చెప్పారు. ఇంటికి వెళ్ళమని బోర్డు ఇజాజత్ ఇచ్చింది. సిరాజ్ ఉండిపోయాడు.

మా ఇంట్లో ఆ రోజు రెండు పార్టీలయ్యాయి. అమ్మీ ఒకటే మాట మీద ఉంది. "బాప్ కీ మిట్టీకో బేటా నై ఆయా తో కైసా?" తమ్ముడు మాత్రం వాళ్ళ నాన్న కల అదే కదా, అది పూర్తి చేయనీ అన్నాడు. నేను అమ్మీకి మసాయిల్ చెప్పాను. జనాజా నమాజ్ ఫర్జ్-ఎ-కిఫాయా. ఊళ్ళో కొందరు చదివితే మిగతావాళ్ళ మీద గునాహ్ ఉండదు. దఫన్ ఆలస్యం చేయకూడదు. ఆస్ట్రేలియా నుంచి బయల్దేరినా ఆ రోజుల్లో సమయానికి చేరడం అయ్యే పని కాదు. మగ్‌ఫిరత్ కోసం దువా ఎక్కడి నుంచైనా చేరుతుంది. అమ్మీ అన్నీ విని, "మస్లా మాలూమ్ హై రే, దిల్ కీ బాత్ కర్రుఁ మై" అంది. దానికి నా దగ్గర జవాబ్ లేదు. సిరాజ్ వాళ్ళ అమ్మీ మాత్రం కొడుకును అక్కడే ఉండి నాన్న కోరిక నెరవేర్చమందట. ఇద్దరు తల్లులు, రెండు జవాబులు, రెండూ ముహబ్బత్ నుంచి వచ్చినవే.

తర్వాత జరిగింది తారీఖ్. అడిలైడ్‌లో భారత్ 36 పరుగులకే కుప్పకూలింది. షమీ చేతికి దెబ్బ తగిలింది. ఆ ఖాళీలో డిసెంబర్ 26న మెల్‌బోర్న్‌లో సిరాజ్ మొదటి టెస్టు ఆడి 5 వికెట్లు తీశాడు. జనవరి 7న సిడ్నీలో జాతీయ గీతం వేళ అతని కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. అదే మైదానంలో ప్రేక్షకుల్లో కొందరు అతన్ని రంగు పేరుతో తిట్టారు. ఆట ఆపారు, ఆరుగురిని స్టాండ్స్ నుంచి బయటికి పంపారు. కావాలంటే మ్యాచ్ వదిలి వెళ్ళొచ్చని అంపైర్లు అన్నారని, మనం తప్పు చేయనప్పుడు మనమెందుకు వెళ్ళాలి అని కెప్టెన్ రహానే అన్నాడని సిరాజ్ తర్వాత చెప్పాడు. బ్రిస్బేన్‌కు వచ్చేసరికి బుమ్రా కూడా లేడు. మూడో టెస్టు ఆడుతున్న కుర్రాడే బౌలింగ్‌కు పెద్ద దిక్కు అయ్యాడు. రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులిచ్చి 5 వికెట్లు. సిరీస్‌లో 13 వికెట్లు, భారత జట్టులో అందరికంటే ఎక్కువ. జనవరి 19న భారత్ 328 పరుగుల లక్ష్యం ఛేదించింది, 1988 తర్వాత ఆస్ట్రేలియా ఓడని ఆ మైదానంలో. జనవరి 21న సిరాజ్ హైదరాబాద్‌లో దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా నాన్న ఖబర్ దగ్గరికి వెళ్ళాడు.

ఇక్కడి దాకా అందరూ చెప్పారు, అందరూ రాశారు. అదే పర్యటనలో ఇంకో ఇద్దరి సంగతి కూడా పక్కన పెట్టి చూడాలి.

కెప్టెన్ విరాట్ కోహ్లీ మొదటి టెస్టు కాగానే ఇంటికి వెళ్ళాడు. మొదటి బిడ్డ పుట్టబోతోంది. ఈ సంగతి బోర్డు నవంబర్‌లోనే, సిరీస్ మొదలయ్యే ముందే ప్రకటించింది. నేను దీన్ని పూర్తిగా సమర్థిస్తాను. ముందే అడిగాడు, ఇజాజత్ తీసుకున్నాడు, తన చోట ఎవరు నిలబడాలో వాళ్ళకు నెల ముందే తెలుసు. బద్ర్ నాటి మిసాల్ మన దగ్గర ఉండగా భార్య దగ్గరికి వెళ్ళిన మనిషిని మనం ఎలా తిడతాం? జనం మాత్రం తిట్టారు. 36కి ఆలౌట్ అయిన జట్టును వదిలి పోతున్నాడన్నారు. 1976లో గవాస్కర్ విదేశీ పర్యటనలో ఉండి కొడుకు పుట్టినా రాలేదు కదా అని పోలికలు తీశారు.

ఆ గవాస్కరే ఇంకో మాట రాశాడు, అది చాలామంది పట్టించుకోలేదు. మన సన్‌రైజర్స్‌కు ఆడిన నటరాజన్, తమిళనాడు పల్లెటూరి కూలీ కుటుంబం నుంచి వచ్చినవాడు. ఐపీఎల్ చివరి రోజుల్లో అతనికి కూతురు పుట్టింది. బిడ్డను చూడకుండానే నెట్ బౌలర్‌గా ఆస్ట్రేలియా వెళ్ళాడు. సిరీస్ అయ్యే దాకా అక్కడే ఉంచేశారు. జనవరిలో ఇంటికి వచ్చాకే బిడ్డ ముఖం చూశాడు. ఒక్కో మనిషికి ఒక్కో రూలు అన్నది గవాస్కర్ అభ్యంతరం.

నా మనసులో ముల్లులా ఉండిపోయింది ఈ సంగతే. కోహ్లీ వెళ్ళొస్తే అతని చోటు అతనిదే. నటరాజన్ వెళ్తే మళ్ళీ పిలుస్తారన్న భరోసా ఏది? సిరాజ్ అప్పటికి ఒక్క టెస్టు కూడా ఆడలేదు. వెళ్ళిపోయి ఉంటే క్వారంటీన్ రూల్స్ దాటి మళ్ళీ ఆ సిరీస్‌లోకి వచ్చే దారి దాదాపు లేదు. షమీకి దెబ్బ తగిలిన రోజు ఆ బంతి ఇంకొకరి చేతికి వెళ్ళేది. అంతకు ముందు ఐపీఎల్‌లో సరిగ్గా ఆడనప్పుడు, పోయి మీ నాన్నతో ఆటో తోలుకో అని అతన్ని ట్రోల్ చేశారని అతనే చెప్పుకున్నాడు. కాగితం మీద ఇజాజత్ ఇద్దరికీ ఒకటే. ఆటో డ్రైవర్ కొడుకు విషయంలో దాని ఖీమత్ వేరు.

మన ఖౌమ్ విషయంలో ఇంకో బరువు కూడా ఉంది. 2021 అక్టోబర్‌లో పాకిస్తాన్ చేతిలో ఓడిన రాత్రి షమీని గద్దార్ అని ఎన్ని వేల నోళ్ళు అన్నాయో చూశాం. ఆ రోజు జట్టు మొత్తం ఓడింది, వఫాదారీ పరీక్ష ఒక్కడికే పెట్టారు. అందుకే సిరాజ్ ఉండిపోవడాన్ని కొందరు దేశభక్తికి సుబూత్‌లా చూపించినప్పుడు నాకు ఖుషీ కంటే బేచైనీ ఎక్కువైంది. సుబూత్ అడగాల్సిన చోటే కాదది. నాన్న పోయిన కొడుకు తన నాన్న కోసం, తన అమ్మ మాట కోసం తీసుకున్న ఫైసలా. అతను ఇంటికి వెళ్ళి ఉన్నా అంతే మంచి కొడుకు, అంతే మంచి ఆటగాడు, అంతే మంచి హిందుస్తానీ.

ముఆహదాకు రెండు వైపులు ఉంటాయని కూడా మరచిపోకూడదు. ఆటగాడి వఫా అడిగే క్లబ్బు తన వఫా చూపించాలి. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ క్లబ్బుకు ఆడిన అజీమ్ రఫీక్ 2021 నవంబర్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని, జాత్యహంకారం ఎంత దూరం వెళ్ళిందో, తన బిడ్డ పుట్టకముందే పోయిన రోజుల్లో కూడా క్లబ్బు తనతో ఎంత కఠినంగా ఉందో కన్నీళ్ళతో చెప్పాడు. అతని 43 ఆరోపణల్లో 7 నిజమని క్లబ్బు వేసిన విచారణే తేల్చింది. అయినా ఎవరి మీదా చర్య అవసరం లేదని మొదట క్లబ్బు అంది. స్పాన్సర్లు ఒక్కొక్కరే తప్పుకున్నాక గానీ కదలిక రాలేదు. అలాంటి చోట సీజన్ మధ్యలో ఎవడైనా వెళ్ళిపోతే బేవఫా ఎవరు? జుల్మ్ చేసినవాడే ముఆహదాను ముందు తెంపినవాడు.

సోనీ బిల్ విలియమ్స్ కథకు ఒక తరువాయి ఉంది. తులోన్‌లో ఉన్న రోజుల్లో అతనికి ఒక ట్యునీషియా కుటుంబం పరిచయమైంది. చిన్న ఇల్లు, ఎక్కువమంది పిల్లలు, అయినా ముఖాల మీద సుకూన్. ఆ కాలంలోనే ఇస్లాం స్వీకరించాడు. తర్వాత న్యూజిలాండ్ తరఫున 2011, 2015 ప్రపంచ కప్‌లు గెలిచాడు. 2017లో ఆక్లాండ్ బ్లూస్ జట్టుకు ఆడుతూ, జెర్సీ కాలర్ మీద ఉన్న బ్యాంకు లోగోను టేపుతో కప్పేశాడు. సూద్ తీసుకునే సంస్థను తన ఒంటి మీద మోయలేనన్నది అతని ఉజ్ర్. ఈసారి విమానం ఎక్కలేదు. అధికారులతో కూర్చుని తన జమీర్ మాట చెప్పాడు. వాళ్ళు మినహాయింపు ఇచ్చారు, అతను ఆడాడు. ఇస్లాంలోకి వచ్చాడు కాబట్టి మారిపోయాడని నేను తీర్పు చెప్పను. 2008లో అతనికి 22 ఏళ్ళు, 2017లో 31. వయసు కూడా మనిషికి చాలా నేర్పుతుంది. చెప్పి నిలబడడం సాధ్యమేనని మాత్రం అదే మనిషి చూపించాడు.

ఇదంతా ఆటగాళ్ళకే పరిమితమైతే ఇంత పొడుగ్గా రాసేవాణ్ణి కాదు. మన ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలు రియాద్‌లో, దోహాలో, కువైట్‌లో రెండేళ్ళ అగ్రిమెంట్ మీద ఉన్నారు? 2020లో ఎంతమంది తమ బాప్ జనాజాను వీడియో కాల్‌లో చూశారు? వాళ్ళకు ఏ బోర్డూ వెళ్ళమని అడగలేదు. కొందరి పాస్‌పోర్టులు కఫీల్ దగ్గర ఉన్నాయి. వాళ్ళను సబర్ చేసినవాళ్ళని పొగిడాం, కానీ వాళ్ళలో చాలామందికి సబర్ తప్ప ఇంకో దారి లేదు. మజ్బూరీని వఫా అని పిలవడం కూడా ఒక రకమైన జుల్మే.

కాబట్టి నా జవాబ్ ఇది. సీజన్ మధ్యలో వెళ్ళడం గద్దారీ కాదు. చెప్పకుండా, సాథీలను కొండ మీద వదిలేసి దిగిపోవడం గద్దారీకి దగ్గర. వెళ్ళమని నోటితో అంటూ, వెళ్తే చోటు పోతుందని కళ్ళతో బెదిరించే జట్టు కూడా అమానత్‌లో ఖియానత్ చేస్తున్నట్టే. మన పిల్లలకు వాదా నిలబెట్టుకోమని నేర్పుదాం. దాంతోపాటు, వెళ్ళాల్సి వస్తే ఎదురుగా నిలబడి "నేను వెళ్తున్నాను, కారణం ఇది, నా చోట ఫలానావాణ్ణి పెట్టుకోండి" అని చెప్పే ధైర్యమూ నేర్పుదాం. అలా చెప్పి ఇంటికి వచ్చిన కొడుకును గడప దగ్గరే ఎందుకొచ్చావని అడగొద్దు. ముందు లోపలికి రానిద్దాం.